గోలలో ఒక్క గొంతును చెవి ఎలా పట్టుకుంటుంది: సైట్‌లో పనిచేసేవాళ్లు, ఇంటి దగ్గరవాళ్లు తెలుసుకోవాల్సినవి

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు మెస్‌లో కూర్చున్నారనుకోండి. చుట్టూ వందమంది. ఒక బల్ల దగ్గర మలయాళం, పక్క బల్ల దగ్గర బెంగాలీ, వెనక పళ్లేల చప్పుడు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ రొద. ఇంత గోలలోనూ ఎదురుగా కూర్చున్న మీ దోస్తు ఓవర్‌టైమ్ డబ్బుల గురించి చెప్పేది మీకు ముక్క పోకుండా అందుతుంది. అంతలో ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. అక్కడ చెల్లెలి నిశ్చితార్థం. అక్కడా వందమందే, భాష మన తెలుగే. అయినా ఒక్క మాట తెలియదు. అమ్మ ఏదో అంటోంది, మేనమామ ఏదో అడుగుతున్నాడు, పిల్లలు కేకలు పెడుతున్నారు, అంతా కలిసి ఒక ముద్ద. "ఒక్కొక్కరే మాట్లాడండి" అని మీరు అరుస్తారు. ఆ తర్వాత నెట్‌ని తిట్టుకుంటారు.

చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు. మెస్‌లో మీ చెవులు, మెదడు కలిసి చేసిన ఒక పని ఫోన్‌లో చేయడానికి వీల్లేకపోయింది. ఆ పని శబ్దాలను విడదీయడం. ఏ శబ్దం ఎవరిది, ఎటు నుంచి వస్తోంది, అందులో నాకు కావాల్సింది ఏది అని తేల్చుకోవడం. చెవుడు అనగానే మనం సౌండ్ తక్కువగా వినబడటం అనుకుంటాం. కానీ ఏళ్ల తరబడి గోలలో పనిచేసేవాళ్లు ముందుగా చెప్పే బాధ తరచుగా ఇది కాదు. "వినబడుతోంది, కానీ నలుగురిలో ఉంటే అర్థం కావట్లేదు" అంటారు. అంటే విడదీసే శక్తి దెబ్బతింది. అది తగ్గితే సైట్‌లో ప్రాణం మీదికి రావచ్చు, ఇంట్లో మనుషులు దూరం కావచ్చు. పరీక్ష కాగితం మీద మాత్రం నార్మల్ అనే ఉండొచ్చు. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

చెవిలోకి వచ్చేది కలిసిపోయిన శబ్దమే

గాలిలో శబ్దాలు వేర్వేరు పైపుల్లో రావు. గ్రైండర్ రొద, ఫోర్‌మన్ కేక, దూరంగా జనరేటర్, అన్నీ గాలిలోనే కలిసిపోయి ఒకే అలగా వచ్చి కర్ణభేరిని తాకుతాయి. ఆ పొర లోపలికి, బయటికి కదలడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ ఒక్క కదలిక నుంచే మెదడు ఇదంతా విడదీయాలి.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ బ్రెగ్‌మన్ 1990లో ఈ విషయం మీద పెద్ద పుస్తకం రాశారు. ఆయన సరస్సుతో చెప్పిన పోలికను మన ఊరి చెరువుకు మార్చుకుందాం. గట్టు అంచున రెండు సన్నటి కాలువలు తవ్వారు. ఒక్కోదానికి అడ్డంగా ఒక గుడ్డముక్క కట్టారు. మీరు చెరువువైపు చూడకూడదు. అలలకు ఆ రెండు గుడ్డలు ఎలా ఊగుతున్నాయో చూసి చెప్పాలి: చెరువులోకి ఎన్ని గేదెలు దిగాయి, ఏది దగ్గరగా ఉంది, ఎవరైనా రాయి విసిరారా, గాలి లేచిందా. ఇది మనిషి వల్ల అయ్యే పనేనా అనిపిస్తుంది. ఆ రెండు కాలువలు మీ చెవి రంధ్రాలు, గుడ్డలు కర్ణభేరులు. మీరు పొద్దున లేచిన దగ్గర నుంచి ఈ పనే చేస్తున్నారు.

మొదటి విడదీత లోపలి చెవిలో జరుగుతుంది. అక్కడ నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది, పేరు కాక్లియా. చుట్ట విప్పితే దాదాపు 35 మిల్లీమీటర్ల పొడవు. దాని మొదట్లో సన్నటి, కీచుమనే శబ్దాలు పట్టుబడతాయి, చివర్లో లావు శబ్దాలు. పొడవునా సన్నటి రోమాలున్న కణాలు వరసగా నిలబడి ఉంటాయి. కదలికను మెదడుకు వార్తగా పంపేవి ఒక్కో చెవిలో సుమారు 3,500. వాటికి పక్కన, కదలికకు బలం ఇచ్చి ప్రతి శ్రుతినీ పదునుగా వేరుచేసేవి సుమారు 12,000. ఈ రెండో రకాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికే వస్తాం.

అయితే కాక్లియా శ్రుతులను వేరు చేస్తుంది కానీ మనుషులను వేరు చేయదు. ఒక్క మనిషి గొంతులోనే లావు నుంచి సన్నం దాకా ఎన్నో శ్రుతులు ఉంటాయి. గ్రైండర్‌లోనూ అంతే. వడ్లు, బియ్యం, నూకలు, తవుడు అన్నీ జల్లెడ పట్టి వేరుచేశాక, ఏ గింజ ఏ బస్తాలోనిదో చెప్పమన్నట్టు ఉంటుంది మెదడు పని.

ఏది ఎవరిదని మెదడు ఎలా తేలుస్తుంది

దీనికి మెదడు కొన్ని గుర్తులు పెట్టుకుంది. ఒకే క్షణంలో మొదలైన శ్రుతులు ఒకే చోటి నుంచి వచ్చి ఉంటాయని దాని లెక్క. సుత్తి దెబ్బలోని శ్రుతులన్నీ ఒక్కసారే పుడతాయి, అంతకు ముందు నుంచీ ఉన్న ఏసీ రొదతో అవి కలవవు. కలిసి పెరిగేవి, కలిసి తగ్గేవి కూడా ఒకరివే అనుకుంటుంది.

ఇంకో గుర్తు గొంతు శ్రుతి. ఒక మగ గొంతు సెకనుకు 120 సార్లు కంపిస్తోందంటే, అంటే 120 హెర్ట్జ్ అంటే, దాంతోపాటు 240, 360, 480 ఇలా దాని రెట్టింపులు, మూడింతలు కూడా ఆ గొంతులో ఉంటాయి. ఆడ గొంతు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉందనుకుంటే దాని వరస 400, 600, 800. ఈ వరసలను పట్టుకుని మెదడు రెండు కుప్పలు పోస్తుంది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఒకేసారి మాట్లాడితే విడదీయడం తేలిక. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే రకం గొంతులు, ఒకేసారి మాట్లాడితే కష్టం. ఇంట్లో మీకూ అనుభవమే.

మరో నేర్పు, తెగిన మాటను అతకడం. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక వాక్యాన్ని రికార్డు చేసి, ఒక పదంలోని 'స' శబ్దాన్ని పూర్తిగా తీసేసి ఆ చోట దగ్గు అతికించారు. విన్నవాళ్లకు పదం మొత్తం వినబడింది, లేని 'స'తో సహా. దగ్గు ఎక్కడొచ్చిందో కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. సైట్‌లో సుత్తి దెబ్బల మధ్య ఫోర్‌మన్ మాట ముక్కలుముక్కలుగా వస్తున్నా మీకు పూర్తిగా విన్నట్టే ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఆ అతుకు మెదడు వేసే ఊహ. భాష ఎంత బాగా వస్తే ఊహ అంత సరిగా ఉంటుంది. మన తెలుగులో సగం మాట విన్నా మిగతా సగం తెలిసిపోతుంది. అదే హిందీలోనో, అరబ్బీలోనో, ఇంగ్లీషులోనో అయితే ప్రశాంతంగా ఉన్నచోట బాగానే అర్థమైన వాక్యం గోలలో చెదిరిపోతుంది. రెండో భాష ఎంత బాగా వచ్చినవాళ్లకైనా చిన్నప్పటి నుంచి ఆ భాషలో పెరిగినవాళ్లకంటే గోలలో ఎక్కువ మాటలు తప్పిపోతాయని పరీక్షల్లో తేలింది. ఇది మీ తెలివితక్కువతనం కాదు, మీ చెవుడూ కాదు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని సూపర్‌వైజర్ కసురుకుంటే సిగ్గుపడి తల ఊపేయకండి.

ఎందుకంటే హిందీలో 'రోకో' అంటే ఆపు, 'ఠోకో' అంటే కొట్టు. తేడా మొదటి అక్షరం ఒక్కటే. మన భాషలోనూ 'ఆగు', 'లాగు' మధ్య తేడా అంతే. తాడు పట్టుకున్నవాడికి ఆ ఒక్క అక్షరం కంప్రెసర్ రొదలో పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. క్రేన్ దగ్గర చేతి సైగలు పెట్టింది ఇందుకే. సైగ లేకుండా కేకలతో పని నడుస్తున్నచోట, విన్నదాన్ని తిరిగి గట్టిగా చెప్పి 'అవునా' అని అడిగాకే చేయండి.

రెండు చెవులు ఎందుకు

ఒక చెవి సరిపోతే దేవుడు రెండెందుకు ఇచ్చాడు అని పెద్దలు అంటుంటారు, ఎక్కువ విని తక్కువ మాట్లాడమని. అసలు లెక్క వేరే ఉంది.

మీ ఎడమవైపు నుంచి శబ్దం వస్తే అది ముందు ఎడమ చెవిని చేరుతుంది, తల చుట్టూ తిరిగి కుడి చెవిని కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంతుంటుందంటే, ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో మూడింట రెండొంతులు. ఇంకా విచిత్రం, ఈ ఆలస్యంలో సెకనులో లక్షో వంతు తేడా వచ్చినా మంచి చెవులున్నవాళ్లు పసిగట్టగలరు. లావు శబ్దాలకు ఈ కాలం తేడా పనికొస్తుంది. సన్నటి శబ్దాలకు తల అడ్డుపడుతుంది కాబట్టి అవతలి చెవికి చప్పుడు తగ్గి వినబడుతుంది, ఆ తేడా పనికొస్తుంది. ఈ రెండు దారుల సంగతిని 1907లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించారు. రెండూ కలిసి, సూటిగా ముందున్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా తెలిసిపోతుంది.

పైనుంచా కిందనుంచా, ముందా వెనకా అన్నది చెప్పేది మాత్రం బయటి చెవి డొప్ప. దాని మడతల్లో తగిలి శబ్దం రంగు కొంచెం మారుతుంది, ఆ మార్పును మెదడు చిన్నప్పటి నుంచి నేర్చుకుని ఉంటుంది. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవి డొప్పల్లో అచ్చులు పెట్టి ఆకారం మార్చారు. వాళ్లకు శబ్దం ఎంత ఎత్తు నుంచి వస్తోందో తెలియకుండా పోయింది. కొన్ని వారాల్లో మెదడు కొత్త చెవులకు అలవాటు పడింది, అచ్చులు తీసేస్తే పాతదీ మర్చిపోలేదు.

దిక్కు తెలిస్తే సగం విడదీసినట్టే. గోల ఒకవైపు, మాట ఒకవైపు ఉంటే మెదడు రెండు చెవుల వార్తలను పోల్చి గోలను తగ్గించుకుంటుంది. అందుకే ఒక చెవి మాత్రమే బాగున్నవాళ్లకు ప్రశాంతంగా ఉన్న గదిలో ఏ ఇబ్బందీ ఉండదు, మెస్‌లో మాత్రం చాలా ఉంటుంది.

గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని కూడా మెదడు సర్దుకుంటుంది. ముందు వచ్చినదాన్నే నమ్మి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత అదే శబ్దం గోడ నుంచి వస్తే దాన్ని వేరే శబ్దంగా లెక్కపెట్టదు. కానీ బేస్‌మెంట్ పార్కింగ్‌లో, ఖాళీ కాంక్రీట్ హాల్లో ప్రతిధ్వని చాలాసేపు నిలుస్తుంది. అక్కడ ఈ సర్దుబాటు సరిగా పనిచేయదు. బండి హారన్ ఎటు నుంచి వచ్చిందో తెలియక మనిషి అక్కడే నిలబడిపోతాడు.

మరి ఫోన్‌లో ఏమైంది?

నిశ్చితార్థం ఇంట్లో వందమంది గొంతులు ఒక్క ఫోన్‌లోకి వెళ్లి ఒక్క దారంగా మీ దగ్గరికి వచ్చాయి. మీ రెండు చెవులకూ అదే దారం అందింది. అమ్మ ఎడమవైపు, మామ కుడివైపు అనే సంగతి దారిలోనే పోయింది. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా తిరిగి రాదు. పైగా కాల్ యాప్‌లు రొదను తగ్గించే పనిలో, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి గొంతును మింగేస్తుంటాయి. మామూలు ఫోన్ కాల్‌లో ఇంకో కష్టం ఉంది. పాత టెలిఫోన్ లైన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేవి. 'స', 'ష', 'ఫ' లాంటి అక్షరాల బలం చాలావరకు దానికి పైన ఉంటుంది.

కాబట్టి ఇంటి దగ్గరవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. స్పీకర్ పెట్టి మధ్యలో ఫోన్ పెట్టకండి. మాట్లాడేవాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి. నోటికీ ఫోన్‌కీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే గొంతు 6 డెసిబెల్ పెరుగుతుంది, వెనక గోల మాత్రం అంతే ఉంటుంది. వాకిట్లోకి వచ్చి, టీవీ ఆపి, ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి మాట్లాడండి. పెదాలు కనబడటం అలంకారం కాదు. గోల బాగా ఎక్కువ ఉన్నప్పుడు మాట్లాడేవాళ్ల ముఖం చూడటం వల్ల కలిగే మేలు, గోలను 15 డెసిబెల్ దాకా తగ్గించడంతో సమానమని 1954లోనే అమెరికాలో కొలిచారు.

మనసు ఎటు ఉంటే చెవి అటు

విడదీయడం ఒక ఎత్తు, అందులో ఒకదాన్ని పట్టుకోవడం ఇంకో ఎత్తు. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటన్ శాస్త్రవేత్త దీని మీద పరీక్షలు చేశారు. అప్పట్లో విమానాలను దించే సిబ్బందికి చాలామంది పైలట్ల గొంతులు ఒకే స్పీకర్‌లో కలిసి వచ్చేవి, వాళ్ల కష్టం కూడా ఈ పరిశోధనల వెనక ఉంది. చెర్రీ ఒక చెవిలో ఒక మాట, ఇంకో చెవిలో ఇంకో మాట వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే తిరిగి చెప్పమన్నారు. జనం తేలిగ్గానే చెప్పారు. కానీ రెండో చెవిలో ఏం వచ్చిందంటే దాదాపు ఏమీ తెలియదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే కనిపెట్టారు. ఇంగ్లీషు కాస్తా జర్మన్‌గా మారినా కనిపెట్టలేదు.

మరి సొంత పేరు పిలిస్తే? 1959లో నెవిల్ మోరే అదీ చూశారు. పట్టించుకోని చెవిలో తమ పేరు వచ్చినప్పుడు దాదాపు మూడోవంతు మందే గమనించారు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. "ఏయ్", "భాయ్" అని అరవడం కంటే పేరు పెట్టి పిలవడం మేలు. కానీ వెల్డింగ్ మీద మనసు పెట్టి వంగి ఉన్న మనిషిని వెనక నుంచి పేరు పెట్టి పిలిచినా అతనికి అందిందని అనుకోకూడదు. అతని ఎదురుగా వెళ్లాలి, లేదా లైట్ ఊపాలి. పన్నెండు గంటల డ్యూటీ చివర్లో ఇది ఇంకా నిజం.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు పక్క బెడ్ మీద ఎవరో వీడియోలు పెట్టుకుని ఉంటే మీరు అన్యమనస్కంగా 'ఊ' కొడుతుంటారు. అవతల భార్య "నేను చెప్పేది వింటున్నావా లేదా" అంటుంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు, మీలోనూ లేదు. తెలుగు మాటలు వినబడే వీడియో అయితే ఇంకా ఎక్కువ అడ్డం వస్తుంది. అర్థమయ్యే భాషలోని గోల మనసును లాగినంతగా అర్థం కాని భాషలోది లాగదు.

రివర్స్ హారన్ ఎటు నుంచి?

లోడర్లు, ట్రక్కులు వెనక్కి వస్తుంటే 'పీక్... పీక్...' మని ఒకే శ్రుతిలో మోగుతుంది. సైట్‌లో అందరూ నమ్ముకునే శబ్దం ఇది. కానీ దిక్కు చెప్పడానికి ఇంత పనికిరాని శబ్దం ఇంకోటి దొరకడం కష్టం. ఈ హారన్లు చాలావరకు 1,000 హెర్ట్జ్‌కు కొంచెం పైన మోగుతాయి. కాలం తేడా పనిచేయడం తగ్గేది అక్కడే, తల అడ్డం ఇంకా గట్టిగా పనిచేయనిదీ అక్కడే. పైగా ఒకే శ్రుతి కాబట్టి చెవి డొప్పకు ముందో వెనకో చెప్పడానికి ఆధారం ఉండదు. నాలుగు బండ్లు ఒకేసారి పీక్‌పీక్‌మంటే ఇక చెప్పేదేముంది. కొత్త బండ్లలో కొన్నిటికి 'ఖష్... ఖష్...' మని నీళ్లు చిమ్మినట్టు ఉండే హారన్ వస్తోంది. అందులో అన్ని శ్రుతులూ ఉంటాయి, దిక్కు వెంటనే తెలుస్తుంది. టూల్‌బాక్స్ మీటింగ్‌లో అడగదగ్గ విషయం ఇది. హారన్ మార్చడం కంపెనీకి పెద్ద ఖర్చేమీ కాదు.

పీక్‌పీక్ వినబడి దిక్కు తెలియకపోతే తలను ఒకసారి అటూఇటూ తిప్పండి. తల తిరిగినప్పుడు రెండు చెవుల మధ్య తేడా మారుతుంది, దాన్నిబట్టి ముందో వెనకో మెదడుకు తెలుస్తుంది. చెవి డొప్పను మొత్తం కప్పేసే ఇయర్‌మఫ్ పెట్టుకున్నప్పుడు ఈ ముందువెనకల పొరపాటు బాగా పెరుగుతుంది. బండ్లు తిరిగేచోట లోపల పెట్టుకునే ప్లగ్ కొంత నయం, కళ్లతో చూసుకోవడం అన్నిటికంటే నయం.

పెద్ద శబ్దం ఏం తినేస్తుంది

ఇప్పుడు ఆ 12,000 కణాల దగ్గరికి వద్దాం. పెద్ద శబ్దానికి ముందుగా చచ్చేవి అవే. మనిషిలో ఇవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. దెబ్బ మొదట తగిలేది 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య, పరీక్ష గీతలో 4,000 దగ్గర గుంటలా కనిపిస్తుంది. మాటలో అచ్చుల బలం దీనికి చాలా కింద ఉంటుంది, కాబట్టి గొంతు వినబడుతూనే ఉంటుంది. పదానికి పదానికి తేడా చెప్పే 'స', 'ష', 'త', 'క' లాంటి హల్లుల పదును మాత్రం పోతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. శ్రుతులను పదునుగా వేరుచేసేది ఈ కణాలే అనుకున్నాం కదా. అవి పోతే జల్లెడ రంధ్రాలు పెద్దవైపోతాయి. ఫోర్‌మన్ గొంతు, గ్రైండర్ రొద ఒకే రంధ్రంలోంచి పడతాయి. ఇక సౌండ్ పెంచితే ఏం లాభం, రెండూ కలిసే పెరుగుతాయి. "గట్టిగా చెబితే గోలగా ఉంటుంది, మెల్లగా చెబితే వినబడదు" అని వాపోయేవాళ్ల బాధ ఇదే.

2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన పని ఈ రంగంలో చాలామంది ఆలోచన మార్చింది. ఎలుకలకు కొంతసేపు పెద్ద శబ్దం వినిపించారు. వినికిడి తగ్గింది, కొద్దిరోజులకు పూర్తిగా తిరిగి వచ్చింది. కణాలూ బతికే ఉన్నాయి. కానీ లోపల చూస్తే, దెబ్బతిన్న చోట కణాలకూ నరానికీ మధ్య ఉండే అతుకుల్లో దాదాపు సగం శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. డ్యూటీ అయ్యాక చెవులు గుయ్‌మంటాయి, దూది పెట్టినట్టుంటుంది, తెల్లారేసరికి సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని వదిలేయకూడదు అనడానికి ఇదొక గట్టి కారణం.

ఎంత శబ్దం, ఎంతసేపు అన్నదానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే లెక్క సులువు. 85 డెసిబెల్ అయితే రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ సమయం సగం. 88 అయితే 4 గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే 15 నిమిషాలు. డ్యూటీ 12 గంటలైతే హద్దు 85 కాదు, సుమారు 83కి దిగుతుంది. కాంక్రీట్ పగలగొట్టే జాక్‌హామర్, యాంగిల్ గ్రైండర్ 95ని సులభంగా దాటేస్తాయి. మీటర్ లేకపోయినా ఒక గుర్తుంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి అరవాల్సి వస్తే అక్కడ 85 దాటిందనే అనుకోండి. ఆపైన క్యాంపుకొచ్చి, ఏసీ రొదకు మించి వినబడాలని ఇయర్‌ఫోన్ సౌండ్ పెంచి రాత్రంతా పాటలు పెట్టుకుంటే చెవికి విశ్రాంతి ఉండదు.

ప్లగ్ పెట్టుకుంటే మాట వినబడదా?

సైట్‌లో ఎక్కువగా వినబడే మాట ఇదే. "ప్లగ్ పెట్టుకుంటే ఫోర్‌మన్ పిలిస్తే తెలియదు అన్నా." నిజానికి చెవులు బాగున్నవాళ్లకు, గోల బాగా ఎక్కువ ఉన్నచోట, ప్లగ్ మాటనూ గోలనూ సమానంగా తగ్గిస్తుంది. లోపలి చెవి మీద భారం తగ్గి మాట అంతే అర్థమవుతుంది, కొన్నిసార్లు ఇంకా బాగా అర్థమవుతుంది. చిక్కు వేరేచోట ఉంది. ప్లగ్ పెట్టుకున్న మనిషికి తన గొంతు తనకే లోపల గట్టిగా వినబడుతుంది, అందుకని తెలియకుండానే మెల్లగా మాట్లాడతాడు. కాబట్టి ప్లగ్ పెట్టుకుని మాట్లాడేటప్పుడు కావాలనే గొంతు పెంచాలి. గోల తక్కువ ఉన్నచోటా, ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్ల విషయంలోనూ ప్లగ్ మాటను మింగేస్తుందన్నది నిజమే. అలాంటివాళ్లు సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పి, అన్ని శ్రుతులనూ ఒకేలా తగ్గించే రకం అడగాలి. ప్లగ్ తీసేయడం దారి కాదు.

ఫోమ్ ప్లగ్‌ను చాలామంది బీడీ పెట్టుకున్నట్టు చెవి అంచున పెట్టుకుంటారు. దానివల్ల ఏమీ ఉండదు. శుభ్రమైన వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి డొప్పను పైకి లాగి, ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. ఇంకో లెక్క కూడా చూడండి. 30 డెసిబెల్ తగ్గించే ప్లగ్‌ను 8 గంటల్లో అరగంట తీసేస్తే, రోజు మొత్తానికి దాని రక్షణ 12 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. మాట వినడానికి మాటిమాటికీ తీసేవాళ్ల చెవులకు అందుకే ప్లగ్ ఉన్నా లేనట్టే.

పరీక్ష, కాగితాలు

మామూలుగా చేసే ఆడియోగ్రామ్‌లో నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి సన్నటి కూతలు వినిపిస్తారు. ఎంత చిన్న శబ్దం వినబడుతుందో అది చెబుతుంది. గోలలో మాట విడదీయగలరా అన్నది చెప్పదు. దానికి గోల మధ్యలో మాటలు వినిపించి చెప్పించే పరీక్ష వేరే ఉంది. "వినబడుతుంది కానీ నలుగురిలో అర్థం కాదు" అని డాక్టరుకు ఈ మాటల్లోనే చెప్పి, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి. తెలుగు మాటలతో చేస్తే మేలు, లేకపోతే భాష రాకపోవడం కూడా చెవి లోపంగా లెక్కలోకి పోతుంది. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉండాలి, అంటే డ్యూటీ దిగి నేరుగా వెళ్లకూడదు.

గల్ఫ్‌కు బయలుదేరే ముందే ఒక ఆడియోగ్రామ్ తీయించుకుని కాగితం ఇంటి దగ్గర ఒకటి, ఫోన్‌లో ఒకటి దాచుకోండి. ఆ తర్వాత ఏడాదికొకటి. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. పరిహారం నియమాలు మాత్రం ఏ దేశానికి ఆ దేశంవి. ఎక్కడైనా మొదట అడిగేది ఒకటే: పనిలో చేరినప్పుడు చెవి ఎలా ఉంది, ఇప్పుడు ఎలా ఉంది. మొదటి కాగితం లేకపోతే మీ మాటకు ఆధారం ఉండదు.

తిరిగొచ్చి ఊళ్లో సర్టిఫికెట్ కోసం వెళ్లేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట శ్రుతుల్లో 60 నుంచి 70 డెసిబెల్ నష్టం ఉంటేనే వినికిడి లోపం, 70 ఉంటే బధిరత్వం. అంతకంటే చాలా ముందే మనిషి సంతలో, పెళ్లిలో, బస్టాండులో మాట అందక నలిగిపోతుంటాడు. చట్టం కొలిచేది చప్పుడు ఎంత వినబడుతుందన్నది. విడదీసే శక్తికి అందులో కొలత లేదు.

ఇంట్లోవాళ్లు చూడాల్సిన గుర్తులు ఇవి. అడిగిన దానికి వేరే జవాబు చెప్పడం, టీవీ సౌండ్ పెంచడం, నలుగురు కూర్చున్నచోట లేచి పోవడం, ఫోన్‌లో అన్నిటికీ 'సరే సరే' అనడం. పదేళ్లు బయట ఉండి వచ్చాడు కాబట్టి మనిషి మారిపోయాడు, పొగరెక్కింది అని చుట్టాలు అంటుంటారు. ముందు చెవి పరీక్ష చేయించండి. అతనితో మాట్లాడేటప్పుడు అరవకండి, అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. మిక్సీ ఆపి, పేరు పిలిచి, తిరిగి చూశాక ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో చెప్పండి. విందుల్లో అతన్ని గోడకు వీపు ఆనేలా, బాగున్న చెవి జనం వైపు ఉండేలా కూర్చోబెట్టండి. మిషన్ పెట్టాలని డాక్టరు చెబితే, రెండు చెవులకూ నష్టం ఉన్నప్పుడు రెండింటికీ పెట్టించుకోవడమే మంచిది. ఒక్కదానికే పెడితే దిక్కు తెలియదని పైన చూశాం కదా. కొన్నప్పుడు ముందువైపు మాటను ఎక్కువగా పట్టే సౌకర్యం ఉందేమో అడగండి. మొదటి వారాల్లో అన్నీ గోలగా ఉన్నాయని తీసి పెట్టెలో పడేస్తారు చాలామంది. రోజూ కొన్ని గంటలు పెట్టుకుంటూ పెంచుకుంటూ పోతే మెదడు ఆ కొత్త శబ్దానికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.